ఫిన్నీ పేరున వచ్చిన చీటీలు

ఆ శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ఉన్నవాళ్లు: అమ్మ, నాన్న, నాయనమ్మ, నేను, పాస్టరు అజయ్ బాబు గారు, పాస్టరమ్మగారు, మా పేటవాళ్లు పద్దెనిమిది మంది, వాళ్లలో ఎవరో ఎత్తుకొచ్చిన చంటిపాప. మొత్తం ఇరవై ఐదు. టీ గ్లాసులు సరిపోవాలని రెండుసార్లు లెక్కపెట్టాను కాబట్టి గుర్తుంది.

ఈస్టరుకి ముందు వచ్చే శ్రమదినాల్లో మా పేటలో రోజుకొక ఇంట్లో ప్రార్థన జరుగుతుంది. ఆ రోజు మా వంతు. శుక్రవారాల్లో పాటలయ్యాక, పాస్టరు గారు వాక్యం చెప్పేముందు, చీటీలు చదువుతారు. చర్చి గేటుకి ఎర్ర రంగు వేసిన రేకు పెట్టె ఒకటి ఉంటుంది. ఎవరికి ఏ బాధ ఉన్నా కాగితం మీద రాసి అందులో వేస్తారు. మా సంఘంవాళ్లే కాదు, రేపల్లె బస్సు ఆగినప్పుడు గబగబా దిగి వేసిపోయేవాళ్లూ ఉన్నారు. కిడ్నీలో రాయి, అల్లుడి తాగుడు, తప్పిపోయిన గేదె, అన్నీ వస్తాయి. వాటిని నోట్‌బుక్కులోకి ఎత్తి రాసే పని నాది. నా చేతిరాత బాగుంటుందని పాస్టరమ్మగారు అప్పగించారు. నోరు తెరవక్కరలేని పని కాబట్టి ఒప్పుకున్నాను.

ఆ వారం నాకు పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయి. అందుకని చీటీలు పాస్టరమ్మగారే రాసుకున్నారు.

పాస్టరు గారు కళ్లజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టారు. ఒక్కో చీటీకి అందరూ ఆమేన్ అంటున్నారు.

"మోహనకృష్ణ గారికి గుండె ఆపరేషన్ మంచిగా జరగాలని."

"ఆమేన్."

"ఒక సహోదరి కుమార్తెకి సంబంధం కుదరాలని."

"ఆమేన్."

"ఫిన్నీ బాబుకి చలి పోవాలని."

"ఆమేన్" అన్నారు అలవాటుగా. సగంమంది నోట్లో ఆ మాట మధ్యలోనే తెగిపోయింది. అమ్మ మాత్రం పూర్తిగా అంది. నేను చూశాను.

పాస్టరు గారు తలెత్తి అందర్నీ చూశారు. ఆయనా పాస్టరమ్మగారూ చీరాల నుంచి బదిలీ మీద వచ్చి నాలుగు నెలలే అయింది. మా ఇంట్లో అబ్బాయి పోయాడని తెలుసు కానీ పేరు తెలీదు. పద్నాలుగు నెలలుగా మా ఇంట్లో ఆ పేరు ఎవరం పలకలేదు.

"ఏమైందమ్మా?" అన్నారు.

"ఆ పేరు మా అబ్బాయిదండి" అన్నాడు నాన్న.

పాస్టరమ్మగారు చేత్తో నోరు మూసుకున్నారు. "అయ్యో, నాకు తెలీదండి ఏసుపాదం గారూ. చీటీలో ఉన్నట్టు రాశాను."

"ఎవరో వేరే బాబు అయ్యుండొచ్చు" అన్నారు పాస్టరు గారు.

"ఈ చుట్టుపక్కల ఇంకో ఫిన్నీ ఎక్కడున్నాడయ్యా?" అంది నాయనమ్మ. "నేనేగా పెట్టింది. మిషను ఆసుపత్రిలో నాకు పురుడు పోసిన దొరసాని కొడుకు పేరది. మావాడికి పెడదామంటే వీళ్ల తాత ఒప్పుకోలా. మనవడికి పెట్టా. అయినా మినుములు నూర్చే ఎండల్లో చలేంటి?"

ఆ రోజు వాక్యం క్షమాపణ గురించి. పాస్టరు గారు మెల్లగా, మాటలు వెతుక్కుంటూ చెప్పారు. చివర్లో నాన్న లేచి నిలబడ్డాడు. ఇంటాయన సాక్ష్యం చెప్తాడని అందరూ తలలు వంచుకున్నారు.

"క్షమించమంటే క్షమిస్తానండి అయ్యగారూ. మనిషి కనపడాలి గదా. గుర్తు తెలియని వాహనం అని రాశారు కాగితంలో. వాహనాన్ని క్షమించమంటారా?"

టీ గ్లాసులు మూడు మిగిలిపోయాయి. ముగ్గురు తాగకుండానే వెళ్లిపోయారు.

అన్నయ్య నిరుడు జనవరిలో పోయాడు. తెనాలిలో ఐటీఐ చదివేవాడు. తెల్లవారుజామున సైకిలు మీద రేపల్లె స్టేషనుకి వెళ్లి మొదటి రైలు ఎక్కేవాడు. ఆ రోజు పొగమంచు చేయి చాపితే వేళ్లు కనపడనంతగా ఉంది. ఏదో బండి గుద్దేసి పోయింది. పాలు పోసే అతను చూసి ఫోన్ చేశాడు. 108 బండి తెనాలి చేరేలోపే అయిపోయింది. పాలతన్నీ, బండిలో వచ్చినవాళ్లనీ, ఆసుపత్రిలో నర్సునీ అమ్మ ఒక్కటే అడిగింది. "ఏమన్నా అన్నాడా?" అప్పటికే మాట లేదని అందరూ చెప్పారు. ఆ తర్వాత అమ్మ ఇంకెవర్నీ ఏమీ అడగలేదు. అంగన్‌వాడీలో ఆయా పనికి వెళ్లడం, రావడం. అంతే.

నేను ఎవరికీ చెప్పని విషయం ఒకటుంది. ఆ చీటీ మొదటిది కాదు. శ్రమదినాల మొదటి శుక్రవారమే ఒకటి వచ్చింది. క్యాలెండరు కాగితం వెనక, పెద్ద పెద్ద అక్షరాలతో, గీత మీద నిలబడని రాతతో ఉంది. "ఫిన్నీ బాబు లేచి నడవాలని." రెండో శుక్రవారం ఇంకోటి. "ఫిన్నీ బాబు ఇంటికి చేరాలని. మేము మీ మతం కాదు." రెండూ నోట్‌బుక్కులో ఎక్కించలేదు. నా డైరీలో పెట్టుకున్నాను. డైరీ తెరిస్తే చేపల వాసన వచ్చేది. అక్షరాల్ని చూస్తుంటే, అన్నయ్య బతికే ఉండి ఎక్కడో దారి తెలియక తిరుగుతున్నట్టు, ఎవరో వాడి వెనకే నడుస్తున్నట్టు అనిపించేది. చదువుకుంటూ మధ్యలో లేచి వీధి తలుపు వేసి ఉందో లేదో చూసుకునేదాన్ని.

మర్నాడు మధ్యాహ్నం పుస్తకం తీసుకుని చర్చి వెనక వేపచెట్టు కిందికి వెళ్లాను. అక్కణ్ణుంచి సమాధుల తోట కనపడుతుంది. ఎండ తెల్లగా కాస్తోంది. సమాధులకి కిందటి ఈస్టరుకి వేసిన సున్నం ఇంకా పోలేదు. ఆ తెలుపు మధ్యలో ముదురు నీలం రంగు ఒకటి కనపడింది. దగ్గరికి వెళ్లాను.

అన్నయ్య సమాధి మీద మా ఇంట్లో దుప్పటి కప్పి ఉంది. ఊరికే పరిచినట్టు లేదు. నాలుగు అంచులూ లోపలికి దోపి, తలవైపు కాస్త మడిచి, చిన్నప్పుడు మాకు కప్పినట్టే కప్పి ఉంది. తాకితే కాలిపోతోంది.

అమ్మ పక్కనే కూచుని ఉంది. నన్ను చూసి కంగారుపడలేదు.

"చలేస్తుందంట" అంది.

అప్పుడే పాస్టరు గారు చర్చి వెనక తలుపు తీసుకుని వచ్చారు. చాలాసేపు నిలబడి చూశారు.

"దేవకుమారమ్మా, మనం పోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యం గదమ్మా."

"నేను ప్రార్థన చెయ్యట్లేదండి" అంది అమ్మ. "దుప్పటి కప్పాను."

ఆయన తన కండువా తీసి అమ్మ తలమీద ఎండ తగలకుండా వేసి వెళ్లిపోయారు.

నాలుగో శుక్రవారం నాకు పరీక్ష లేదు. పొద్దున్నే బిందె తీసుకుని చర్చి ఎదురుగా పంపు దగ్గరికి వెళ్లాను. బిందె నిండి పొర్లుతున్నా పంపు కట్టెయ్యకుండా కూచున్నాను. ఏడుంబావు బస్సు ఆగింది. చేపల సత్తు బేసిను నెత్తిన పెట్టుకుని ఒక ముసలామె దిగింది. ఆమెను చాలాసార్లు చూశాను. ఊరంతా తిరుగుతుంది కానీ మా చర్చి వెనక సందులోకి ఎప్పుడూ రాదు. అటు బేరం ఉండదనుకునేవాళ్లం.

బేసిను దించింది. చెప్పులు విడిచింది. రొంట్లోంచి కాగితం తీసి, కళ్లకద్దుకుని పెట్టెలో వేసింది.

నేను రోడ్డు దాటి ఆమె ముందు నిలబడ్డాను. అంత ధైర్యం ఎలా వచ్చిందో తెలీదు.

"ఏంటి పాపా అట్టా చూస్తన్నావు? రొయ్యలు కావాలా?"

"ఫిన్నీ..." అన్నాను. "మా అన్నయ్య."

ఆమె అక్కడే మట్టిలో కూలబడింది. నా రెండు చేతులూ పట్టుకుంది. చేప పొలుసులు నా చేతులకి అంటుకున్నాయి.

"లేచాడా తల్లీ? నడుస్తన్నాడా?"

ఆ క్షణం చెప్పాల్సిన మాట నాకు తెలుసు. రెండే అక్షరాలు. కానీ ఆమె మొహం అప్పటికే నవ్వుతోంది. కళ్లలో నీళ్లు తిరుగుతూ, ఒక్క పన్ను మిగిలిన నోటితో నవ్వుతోంది. నేను తల ఊపాను. అవునని.

"చూశావా! నేను చెప్తానే ఉన్నా మావాడికి. చచ్చినోణ్ణి 108లో ఎక్కిస్తారంట్రా అని. నమ్మడే! ఇయ్యాల చెప్తా, చెల్లెలే చెప్పిందని చెప్తా."

ఆ తర్వాత నేను అడగకుండానే అంతా చెప్పింది. ఆమె పేరు మాణిక్యం. నిజాంపట్నం హార్బరు దాటాక వాళ్ల ఊరు. కొడుకు బ్రహ్మాజీ తెల్లవారుజామున తెనాలి మార్కెట్టుకి చేపల బండి తోలేవాడు.

"మంచులో కనపడలేదమ్మా. వదిలేసి పోలా, దిగాడు. ఒళ్లో పడుకోబెట్టుకున్నాడు. పేరు అడిగితే చెప్పాడంట. మా ఇల్లు చర్చి వెనకాల అన్నాడంట. చలేస్తుందన్నాడంట. ఏం కప్పుద్దామన్నా బండి నిండా ఐసు పెట్టెలే. ఇంతలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటా వస్తంటే, కొట్టి చంపుతారని భయమేసి బండెక్కేశాడు. దూరంగా ఆగి 108 రావడం చూశాడంట గానీ, ఏమైందని ఎవర్నీ అడగడానికి మాకు ధైర్యం చాలలా. ఆ రోజు నుంచి ఆ చలి మావాడికి పట్టింది. మిట్టమధ్యాహ్నం కూడా వణుకుతాడు. బండి ముట్టుకోడు. ఆ చీటీలు వాడే రాస్తాడు."

బేసిను అడుగున నీళ్లలోంచి కొర్రమీను తీసి కవరులో వేసింది. "బాబుకి పెట్టండి. ఒంట్లో నెత్తురు పడుద్ది. డబ్బులా? చెంప పగలగొడతా!"

ఇంటిదాకా ఆ చేప కవరులో కొట్టుకుంటూనే ఉంది. చనిపోయినవాడికి బలం పట్టడానికి ప్రాణంతో ఉన్న చేపను మోసుకెళ్తున్నాను. మా సందులో ఎదురైన కుక్క మొరగకుండా పక్కకి తప్పుకుంది.

"ఎవరిచ్చారే?" అంది అమ్మ.

చెప్పాను. చీటీలు దాచిన దగ్గర్నుంచి చెప్పాను. ఒకేసారి అన్ని మాటలు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. అమ్మ మధ్యలో ఎక్కడా ఆపలేదు. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"తల ఊపావా?"

"ఊ."

"ఎందుకు?"

"ఆమె నవ్వింది అమ్మా."

అమ్మ కవరు తీసుకుని పెరట్లోకి వెళ్లింది. చేపకి బూడిద పట్టించి, గరుకురాయి మీద రుద్దడం మొదలుపెట్టింది. చాలాసేపు రుద్దింది. పొలుసు మొత్తం పోయినా రుద్దుతూనే ఉంది.

నాన్న మినుముల నూర్పిడి నుంచి దుమ్ము కొట్టుకుని వచ్చాడు. స్నానం చేసి అన్నానికి కూచున్నాడు. రెండు ముద్దలు తిన్నాక, "కొర్రమీనా? పులుసు బాగా కుదిరింది. ఎక్కడిది?" అన్నాడు.

అమ్మ చెప్పింది. నేను అరగంట చెప్పినదాన్ని నాలుగు ముక్కల్లో చెప్పేసింది.

నాన్న చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. "అయితే మనిషి కనపడ్డాడన్నమాట" అన్నాడు. "రేపు పోలీసు స్టేషనుకి వెళ్తున్నా."

"వెళ్దువుగాని. ముందు నేను వెళ్లి ఒక మాట అడిగొస్తాను."

"ఏం అడుగుతావు?"

"ఏమన్నాడో."

"అడుగుతావు, ఏడుస్తావు, క్షమించేశానని చెప్పి వస్తావు. నీ సంగతి నాకు తెలీదా? ఒళ్లో పెట్టుకున్నవాడు ఒక్క ఫోన్ కొట్టలేకపోయాడా? పాలవాడు వచ్చేసరికి ఎంతసేపైందో ఏమో. బతికేవాడేమో దేవకుమారీ!"

"నాకూ అదే అనిపిస్తుంది" అంది అమ్మ. "క్షమిస్తానో, జుట్టు పట్టుకుని ఈడుస్తానో నాకే తెలీదు. ఆ ఊరు వెళ్తేగాని తెలీదు."

నాన్న కంచం పక్కకి జరిపి లేచాడు. "నేను రాను. వస్తే నా చేతులు ఊరుకోవు. మీరు తిరిగొచ్చేదాకా స్టేషను గడప తొక్కను. అంతకంటే మాట ఇవ్వలేను."

నాయనమ్మ మాత్రం ముళ్లు ఏరుకుంటూ తన ముక్క చివరిదాకా తింది. "వాడి పేరున వచ్చింది. పారెయ్యకూడదు" అంది.

అమ్మ నా పరీక్షలు అయ్యేదాకా ఆగింది. అయిన మర్నాడే బయల్దేరాం. రేపల్లెలో నిజాంపట్నం బస్సెక్కాం. కిటికీలోంచి వేడిగాలి, ఎండుచేపల వాసన. అమ్మ ఒక్కసారే మాట్లాడింది.

"అక్కడ నువ్వేం మాట్లాడకు."

"నేనెప్పుడు మాట్లాడాను?"

"తల కూడా ఊపకు."

నవ్వు వచ్చింది. అమ్మకీ వచ్చినట్టుంది. మొహం కిటికీవైపు తిప్పుకుంది.

హార్బరు దాటాక దిగి, అడుగుతూ వెళ్లాం. వలలు ఆరేసిన ఇసకలో పన్నెండు గంటల ఎండకి కాళ్లు నిలవట్లేదు. రేకుల ఇల్లు. ముందు చిన్న అరుగు. మాణిక్యం మమ్మల్ని దూరం నుంచే చూసి పరుగులాంటి నడకతో ఎదురొచ్చింది. నన్ను చూసి నవ్వింది. తర్వాత మా వెనక దారంతా వెతికింది.

"బాబు రాలేదా తల్లీ?"

నేను తల కదపలేదు. మెడ బిగబట్టి నిలబడ్డాను.

"మీ అబ్బాయి లోపల ఉన్నాడా?" అంది అమ్మ.

మాణిక్యం మా అమ్మ మొహంలోకి చూసింది. ఆమె నవ్వు అలాగే ఉంది కానీ దాని వెనక ఏదో ఆరిపోయింది. అరుగు మీద కూచుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

అమ్మ గుమ్మంలోకి వెళ్లింది. నేను వెనక నిలబడ్డాను. లోపల కిటికీ లేదు. రేకుల వేడి మొహానికి కొట్టింది. మూలన చాప మీద ఒక మనిషి గొంతుదాకా దుప్పటి కప్పుకుని కూచుని ఉన్నాడు. నాన్న వయసే ఉంటుంది. అతని పళ్లు టకటకమని కొట్టుకుంటున్న చప్పుడు గుమ్మందాకా వినపడింది.

అన్నయ్యది అమ్మ పోలిక. ఆ కళ్లు, ఆ గడ్డం, అచ్చు అమ్మే.

అతను తలెత్తి అమ్మను చూశాడు. చూసి, వీపు గోడకి తగిలేదాకా వెనక్కి జరిగాడు. మేము ఎవరమో అతనికి ఎవరూ చెప్పలేదు.

"ఇల్లు చర్చి వెనకాల" అన్నాడు. ఆ గొంతు అతనిదే. ఆ మాట మాత్రం మా అన్నయ్య కొత్తవాళ్లకి ఇల్లు చెప్పేటప్పుడు అనే తీరులోనే, 'చర్చి' దగ్గర కాస్త ఆగి అన్నాడు. అమ్మ చెయ్యి తలుపు రెక్కని గట్టిగా పట్టుకుంది.

"నడుస్తున్నాడా అమ్మా?" అని అడిగాడు.

అమ్మ వెనక్కి తిరిగి నన్ను ఒకసారి చూసింది. కోపంగా కాదు. పరీక్ష రాసి వచ్చినప్పుడు ఎలా రాశావని అడగకుండా చూసినట్టు చూసింది. తర్వాత లోపలికి వెళ్లి చాప మీద అతని ఎదురుగా కూచుంది. అమ్మ కుడిచెయ్యి పైకి లేచింది. కొడుతుందనుకున్నాను. అతనూ అలాగే అనుకున్నట్టున్నాడు, కళ్లు మూసుకున్నాడు. ఆ చెయ్యి అలా గాల్లోనే కాసేపు ఉంది. తర్వాత అరచెయ్యి అతని నుదుటి మీద ఆనింది. మాకు జ్వరం వస్తే చూసినట్టు.

"ఒళ్లు కాలిపోతుంది గదయ్యా" అంది.

అతను ఏడవడం మొదలుపెట్టాడు.

"చూడు నాయనా. వాడు నీతో ఏమేం అన్నాడో అన్నీ చెప్పు. ఒక్క మాట కూడా వదలకుండా చెప్పాలి. అది అయ్యాక నేను నీకు ఒకటి చెప్పాలి." అమ్మ చాప మీద ఇంకాస్త ముందుకి జరిగింది. "అది విన్నాక కూడా నేను లేచి వెళ్లిపోను. ఇక్కడే కూచుంటాను."

అతను దుప్పటిలోంచి చెయ్యి బయటికి తీశాడు. నోరు తెరిచాడు. నాకూ వినాలనుంది. వాడు నాకూ అన్నయ్యే. గుమ్మం దాటి ఒక కాలు లోపల పెట్టాను.

అమ్మ లేచి వచ్చింది. నేను కాలు వెనక్కి తీసుకునేదాకా ఆగి, నా మొహం మీదే తలుపు మూసింది.